బొట్టు కింద కోత

చేతిగుడ్డతో కుంకుమ బొట్టు తుడిచేసరికి, దాని కింద స్టీరింగ్ రాడ్డు సగం దాకా కోసి ఉంది.

"కావేరీ! జల్దీ రా! ఎవడో రాడ్డు కోసిండే!"

హనుమంత అరుపుకు షెడ్డు రేకులు మోగాయి. బయట, జీపును మోసుకుపోయే డీసీఎం లారీ డ్రైవరుతో మాట్లాడుతున్న కావేరి పరుగెత్తుకొచ్చి, జీపు కింద వెల్లకిలా పడి అన్న పక్కకు జరిగింది. అన్న వేలు పెట్టిన చోట, చెదిరిన కుంకుమ మరక నడుమ, సన్నటి గీత. గీతలో సబ్బు కూరారు. గోటితో గీకితే సబ్బు రాలి గోరు లోపలికి దిగింది.



చదును నేల మీద ఆ రాడ్డు ఏమీ కాదు. షెడ్డులోంచి బయటికి వస్తుంది, డీసీఎం ఎక్కుతుంది, దిగుతుంది. రేపటి జీపుల పోటీలో, కృష్ణ ఒడ్డున, దేవదుర్గ దిక్కు బండల్లో, ముందు చక్రం ఒక రాయిని గుద్దుకుని బండి బరువంతా మెలితిరిగినప్పుడు మాత్రం పుల్లలా విరుగుతుంది. స్టీరింగు చేతిలో ఉత్తినే తిరుగుతుంది. బండి తన ఇష్టం వచ్చిన దిక్కు పోతుంది. ఆ దిగుడులో దానికి ఒకటే దిక్కు. కింద నది, నది నిండా ఏనుగుల్లాంటి బండలు.

అంటే ఎవరో తనను చంపాలనుకున్నారు. అదీ ఆయుధ పూజ పండుగ పూట.

ఆ జీపు సర్కారు వేలంలో అమ్మేసిన పాత డీజిల్ బండి. కావేరి నాయన బసవలింగప్ప దాన్ని తెచ్చుకుని, రాయచూరులో గద్వాల రోడ్డు మీద గ్యారేజి పెట్టుకున్నాడు. "ఇంట్ల మూడో బిడ్డ" అనేవాడు ఆయన. "మూడోది గాదు, మొదటిది" అని హనుమంత ఎత్తిపొడిచేవాడు. పోయేముందు ఆయన గ్యారేజి కొడుక్కిచ్చి, జీపు తాళంచెవి కూతురి చేతిలో పెట్టాడు. కాపురం చెడి పుట్టింటికి తిరిగొచ్చి, ఊళ్లో ఆడవాళ్లకు కారు నేర్పుతూ బతుకుతున్న కూతురు. పంపకం బాగానే ఉందని అందరూ అన్నారు. హనుమంత కూడా అన్నాడు.

ఆ ముసలి బండిని బండలెక్కే జంతువుగా మార్చింది సూగురేశ్. చంద్రబండ మనిషి, బసవలింగప్ప దగ్గరే పని నేర్చుకున్నవాడు. ఇరుసు కింద ఉండే స్ప్రింగు కమాన్ పట్టీలను విప్పి ఇరుసు మీదికి ఎక్కించాడు. ఆ ఒక్క పనితోనే బండి జానెడు పైకి లేచింది. లేచిన బండికి లోతు గాడుల పెద్ద టైర్లు వేశాడు, టైర్లు తగలకుండా మడ్‌గార్డులు కోసేశాడు. పల్టీ కొట్టినా తల పగలకుండా పైన ఇనుప పైపుల పంజరం కట్టాడు. నీళ్లలో దిగినా ఇంజను నీళ్లు మింగకుండా గాలిగొట్టాన్ని అద్దం పక్కనుంచి పైకి లేపాడు. ముందు బంపరుకు ఇనుప తాడు చుట్టే విన్చి బిగించాడు. బండి లేచాక పాత స్టీరింగ్ రాడ్డు వంకర పడింది. దానికని దళసరి పైపుతో కొత్త రాడ్డు తనే చేసి వెల్డింగు కొట్టాడు.

ఇప్పుడు కోసింది ఆ రాడ్డునే.

హనుమంత జీపు కింద నుంచి పాకి లేచాడు. నడుముకున్న పట్టీ సర్దుకున్నాడు. పోటీలో ఎడమ సీటు ఆయనది. డ్రైవరు పక్కన కూర్చుని ముందున్న దారి చూసి, ఎడమకు కొట్టు, మెల్లగా, ఆగు అని చెప్పే పని. తెల్లారగానే నడుం పట్టేసిందని, ఈసారి ఎడమ సీట్లో సూగురేశ్‌ను కూర్చోబెట్టుకోమని ఫోను చేశాడు. సరేననుకునేలోపు ఆయన కూతురు రశ్మి తలకు హెల్మెట్టు తగిలించుకుని షెడ్డుకు దిగబడింది. "నాయన సీటు నాదే అత్తా. సూగురేశన్నకు ఎడమేదో కుడేదో తెల్వది" అని గంతులేసింది. డిగ్రీ చదువుతున్న పిల్ల, ఈ షెడ్డులోనే పెరిగింది. కావేరి సరేనంది. ఆ కబురు ఇంటికి చేరిన కాసేపటికే నడుం నొప్పి మనిషి ఆయాసపడుతూ వచ్చి, బిడ్డ కూర్చునే బండి ఒకసారి చూస్తానని కిందికి దూరాడు.

"ఈ రాడ్డు ఎవరు జేసిండ్రు?" అన్నాడు హనుమంత ఇప్పుడు.

సూగురేశ్ ముందుకొచ్చాడు. "నేనే జేసిన హనుమన్నా."

"షెడ్డు తాళంచెవులు ఎవరెవరి తాన ఉన్నయి?"

"నా తానొకటి. అక్క తానొకటి. మీ తానొకటి."

"మరి? అక్క కోసుకున్నదా? నా బిడ్డ కూసునే బండిని నేను కోసుకుంటినా?"

"నేనెందుకు కోస్త అన్నా! కొయ్యాలనుకుంటె నాకు బ్లేడెందుకు? వెల్డింగు కచ్చాగ కొట్టి ఇడిచిపెడితె ఎవనికీ తెల్వకపోతుండె."

"ఇన్నరా? ఎట్ల సంపాల్నో ముందే ఆలోచన జేసిపెట్టుకున్నడు!"

సూగురేశ్ చెంప ఛెళ్లుమంది. పక్క పంచరు దుకాణం నుంచి, ఎదురు చాయ్ హోటలు నుంచి జనం మూగారు. హోటలు యంకమ్మ గ్లాసు చేత్తో పట్టుకునే వచ్చేసింది.

"పండుగ నాడు ఏంది లొల్లి? ఏం జేసిండు పిలగాడు?"

"బెంగళూరు టీమోల్లు వీనికి నౌకరీ ఇస్తమన్నరు యంకమ్మా. మా బండి పడిపోతె వాళ్లు గెలుస్తరు. వీడు ఆడ ఉస్తాద్ అయితడు."

"ఒద్దన్న గదన్నా ఆ నౌకరీ! అక్క బండి అయ్యేదాక రానని మీ ముందటే ఫోన్‌ల చెప్పిన గద!"

రెండో దెబ్బ పడింది. సూగురేశ్ చేయి అడ్డం పెట్టుకోలేదు. కావేరి వైపు చూశాడు. ఆ చూపు అడిగిందేమిటో కావేరికి తెలుసు. ఒక్క మాట. 'ఆగన్నా' అన్న ఒక్క మాట. రాడ్డు చేసింది అతను. తాళం అతని దగ్గరుంది. ఎక్కడ కోస్తే ఎక్కడ విరుగుతుందో అతనికంటే తెలిసినవాడు లేడు. ఆమె చూపు తిప్పుకుని రాడ్డు దిక్కు చూసింది.

సూగురేశ్ భుజం మీది తువ్వాలుతో పెదవి మీది రక్తం తుడుచుకుని రోడ్డెక్కాడు. అతని స్పానర్లు, సుత్తులు, ఇనుము కోసే హాక్సా అన్నీ గోడవార అమ్మవారి పటం ముందు పూల కింద పరిచి ఉన్నాయి. ఆయుధ పూజలో పెట్టిన పనిముట్టును మర్నాడు హారతి ఇచ్చేదాకా ఎవరూ ముట్టరు. అతనూ ముట్టలేదు.

"స్టేషన్ల కంప్లైంటు ఇచ్చొస్త" అన్నాడు హనుమంత.

"సాయంత్రం దాక ఆగన్నా. అమ్మ ఇంకాసేపట్ల హారతి పళ్లెం తెస్తది. ఆమె ముందట పోలీసులెందుకు?"

"నిన్ను సంపబోయిండే వాడు!"

"బతికే ఉన్న గద. సాయంత్రం దాక ఆగు."

రశ్మి హెల్మెట్టు ఒళ్లో పెట్టుకుని టైరు మీద కూలబడింది. "అయితె రేపు పోటీ లేనట్టేనా అత్తా?"



*

హారతి పళ్లెంతో వచ్చిన తల్లి రామాబాయి మనవరాలి కళ్లనీళ్లు చూసింది, కొడుకు మొహం చూసింది, అంతా విన్నది. విన్న తర్వాత ఆ ముసలావిడకు కోపం వచ్చింది మాత్రం వేరే సంగతికి.

"బొట్టు తుడిచిండ్రా? పూజ జేసిన బండికి? వాన వడి పోవాలె, లేకుంటె దానంతటది రాలాలె. చేతితోని తుడుస్తరా ఎవరన్న?"

"బొట్టు తుడిస్తెనే గద అమ్మా కోత కనవడ్డది" అన్నాడు హనుమంత విసుగ్గా. "నీ బొట్టు గొడవ నీది."

"నాది గాదు, బండిది" అని పళ్లెం పట్టుకుని పటం దిక్కు నడిచింది.

కావేరి తల్లి వెంట పోయి మెల్లగా అడిగింది. "రాడ్డుకు గూడ నువ్వే పెట్టినవా?"

"ఈ మోకాళ్లతోని బండి కింద దూరుతనా నేను? బానెట్‌కు పెట్టిన, చక్రాలకు పెట్టిన, స్టీరింగుకు పెట్టిన. కింద యాడనో ఎవరు పెట్టిండ్రో నాకేం ఎరుక?"

కావేరి అక్కడే నిలబడిపోయింది.

నిన్న సాయంత్రం, పూజ అయ్యాక, భోజనాలయ్యాక, టార్చి పట్టుకుని తనే జీపు కింద దూరింది. పోటీకి ముందు అది ఆమెకు అలవాటు. ప్రతి బోల్టు వేలితో తడిమి చూస్తుంది. రాడ్డు కూడా చూసింది. నిగనిగలాడే కుంకుమ బొట్టు కనిపించింది. అమ్మ ఎవరితోనో పెట్టించి ఉంటుందనుకుంది. వేలితో మెల్లగా తాకి కళ్లకద్దుకుని ముందుకు జరిగింది. అన్ని బోల్టులూ తడిమిన చేయి ఆ ఒక్కచోట భక్తితో వెనక్కి వచ్చింది.

అంటే అప్పటికే కోత ఉంది. బొట్టు పెట్టింది అలంకారానికి కాదు, మూత పెట్టడానికి. బయటివాడైతే కోత మీద గ్రీజు పులుముతాడు, మట్టి రుద్దుతాడు. ఈ ఇంట్లో ఎవరూ తుడవని మూత ఏదో తెలిసినవాడే బొట్టు పెడతాడు.

సూగురేశ్‌కు అది తెలుసు. హారతి పొగలో కళ్లు మండుతుంటే, స్కూటీ తాళం తీసుకుని బయటపడింది. అతని మొహం మీదే అడగాలి.

బస్టాండులో చంద్రబండ బస్సు ఆగేచోట, సిమెంటు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. పెదవి వాచింది. పక్కన పత్తి ఏరడానికి పోయే ఆడవాళ్లు అతన్ని చూసి గుసగుసలాడుకుంటున్నారు. కావేరిని చూసి లేవలేదు.

"ఒక్కటి చెప్పు సూగురేశ్. పొద్దున నువ్వు బండి కింద చూసినవా?"

"జూసిన."

"రాడ్డు?"

"జూసిన. బొట్టు ఉండె. అమ్మ పెట్టిచ్చిందనుకున్న. దండం బెట్టుకున్న. గంతే."

"అనుమానం రాలేదా?"

అతను నవ్వబోయాడు. పెదవి నొప్పికి మొహం ముడుచుకుపోయింది. "ఏం అడుగుతున్నవ్ అక్కా? బొట్టు తుడుస్తరా ఎవరన్న?"

తల్లి నోట వచ్చిన మాటే. ఈసారి అది కావేరి చెవిలో పడి ఊరుకోలేదు, గుండెలో దిగింది.

తను చూసింది, తుడవలేదు. సూగురేశ్ చూశాడు, తుడవలేదు. ఈ ఇంట పుట్టిన ఎవరూ తుడవరు. కోత ఉందని ముందే తెలిస్తే తప్ప. జీపు కింద దూరినవాడు మిగతా ఏదీ చూడకుండా సూటిగా ఆ బొట్టు దగ్గరకే పోయి, గుడ్డ పెట్టి తుడిచాడు. పొద్దున్నే నడుం పట్టేసి కదల్లేనన్న మనిషి. బిడ్డ ఆ బండి ఎక్కుతుందని కబురు అందాకే నడుం నొప్పి మరిచి పరుగెత్తుకొచ్చిన మనిషి.

ఆమె అరుగు మీద కూర్చుండిపోయింది. 

"రా, షెడ్డుకు పోదాం" అంది.

"ఎందుకు? ఇంకో చెంప ఖాళీ ఉన్నదనా?"

"ఎవరు కోసిండ్రో తెల్సింది."

"నాకు ముందే తెల్సు నేను కోయలేదని. నీకిప్పుడు తెల్సింది. బేష్." అతను లేచి బస్సు కోసం రోడ్డు దిక్కు చూశాడు. "నువ్వొక్క మాటంటె హనుమన్న చెయ్యి ఆగుతుండె అక్కా. ఆయన కొట్టింది నొప్పి లేదు. నువ్వు రాడ్డు దిక్కు జూసినవ్ జూడు..."

"తప్పయింది సూగురేశ్."

"అయింది."

బస్సు వచ్చింది. మెట్టు మీద కాలు పెట్టి, వెనక్కి తిరక్కుండానే చెప్పాడు. "అటక మీద గోనెసంచిల ఇంకో రాడ్డున్నది. ఏది జేసినా జత జేసుడు నాకు అలవాటు. అది బిగించుకో. ఇగ నన్ను పిలవకుండ్రి."

బస్సు కదిలింది. కిటికీలో అతని తల కనిపించింది. ఇటు తిరగలేదు.

*

షెడ్డులో ఎవరూ లేరు. అంతా భోజనానికి పోయారు. కావేరి పటం ముందునుంచి స్పానర్లు తీసుకుని, ఒంటరిగా కోసిన రాడ్డు విప్పింది. వెలుతురులోకి తెచ్చి తిప్పి చూసింది. 

కోత ఒకటి కాదు. కింద నుంచి చూస్తే కనబడేది ఒకటి. పైభాగాన, ఇంజను నీడలో, ఎవరూ చూడలేని చోట ఇంకొకటి. రెండింటికీ నడుమ గోరంత ఇనుము మిగిలింది. పైన కోసిన సంగతి పొద్దున్న ఎవరూ చూడలేదు, ఎవరూ అనలేదు.

దాన్ని గోనెసంచిలో చుట్టి అటక మీద పెట్టింది. సూగురేశ్ చేసిన జత రాడ్డు దించి బిగించింది. ఈసారి ప్రతి బోల్టునూ చేత్తో తడిమింది.

హనుమంత, రశ్మి తిరిగొచ్చేసరికి జీపు ఇంజను నడుస్తోంది.

"కొత్త రాడ్డు ఏసిన అన్నా. పోటీకి పోతున్న" అంది కావేరి. "రశ్మిని ఎక్కించుకునే ముందు క్వారీల ఒక్కసారి తిప్పి చూద్దాం. నువ్వు పక్కకు కూసో."

"నా నడుం..."

"మెల్లగ పోత."

"పో నాయనా!" రశ్మి తండ్రి చేయి పట్టి లాగింది. "నువ్వు బాగున్నదంటెనే అమ్మ నన్ను పంపిస్తది."

హనుమంత కూతురి మొహం చూశాడు. కొత్త రాడ్డు అన్నాక భయమేముంది? పైపు పట్టుకుని ఎడమ సీట్లోకి ఎక్కి బెల్టు పెట్టుకున్నాడు.

ఇలా మార్చిన బండి రోడ్డు మీద పోతే ఆర్టీఓ వాళ్లు ఊరుకోరు. షెడ్డు వెనకనుంచి మట్టిబాట ఉంది. తుమ్మచెట్ల నడుమగా పోయి పాత కంకర క్వారీలో కలుస్తుంది. బసవలింగప్ప కావేరికి డ్రైవింగు నేర్పింది అక్కడే. క్వారీ నోట్లో రాళ్లపొడి గుట్ట, గుట్ట మీదుగా ఏటవాలు దారి, దారికి ఎడమ చేతి దిక్కున లోతు గుంట. గుంటలో పచ్చటి నీళ్లు.

కావేరి నాలుగు చక్రాలూ లాగేలా ఫోర్ బై ఫోర్ లీవరు వేసి చిన్న గేరులో బండిని గుట్టకు పట్టించింది. లోతు గాడుల టైర్లు రాళ్లను కరుచుకుంటూ ఎక్కాయి. ముందు చక్రం ఒక బండనెక్కింది. పంజరం కిర్రుమంది. బండి ఎడమకు, గుంట దిక్కుకు ఒరిగింది.

"ఎడమకు రానియ్యకు" అన్నాడు హనుమంత అలవాటుగా. "కుడికి కొట్టు. మెల్లగ. ఆఁ, గట్ల."

కావేరి బండి ఆపింది. ఏటవాలు మీద, ఒరిగిన చోటే.

"ఏమైంది?"

"అన్నా, అబద్ధం చెప్పిన. కొత్త రాడ్డు లేదు. సూగురేశ్ పోయిండు. చేసెటోడు ఎవడు? పాతదానికే బోల్టు బిగించిన."

హనుమంత మొహం తెల్లబోయింది. "ఏం మాట్లాడుతున్నవే!"

"ఎందుకు భయం? నువ్వే చూస్తివి గద, సగమే కోసి ఉన్నది. ఇంకా సగం ఉన్నది. ఈ గుట్టకు సగం చాలదా?" యాక్సిలరేటరు మీద కాలు నొక్కింది. ముందు చక్రం రాయి మీద జారి ఎడమకు జరిగింది. గులకరాళ్లు గుంటలోకి దొర్లి, కింద నీళ్లు చప్పుడు చేశాయి.

"ఆపు! కావేరీ, ఆపే!"

"సగం ఉన్నది గదన్నా!"

"సగం యాడున్నదే! పైన గూడ కోసిన! ఇరుగుతదే, ఆపు!"

ఆమె బ్రేకు తొక్కి ఇంజను ఆర్పింది.  గుంట అవతల కొంగ ఒకటి లేచి వెళ్లిపోయింది.

హనుమంత నోరు తెరిచే ఉంది.  

"రాడ్డు కొత్తదే" అంది కావేరి. "పాతది అటక మీద ఉన్నది. పైన కోసినట్టు విప్పితెగాని నాకే తెల్వలేదు. చెప్పు."

ఆయన దిగబోయాడు. బెల్టు ఊడలేదు.  రెండుసార్లు లాగి, వదిలేసి, వెనక్కి ఆనుకున్నాడు.

"ఏం చెప్పాలె?"

"నేనేం చేసిన నీకు?"

"ఏం జేయలే. నువ్వేం జేయలే." ముందున్న గుట్ట దిక్కు వేలు చూపించాడు.  మొదలుపెట్టాక ఆగలేదు.

"ఈ గుట్ట ఎరుకనే నీకు? ఈడనే, నేను పదో తరగతిల ఉన్నప్పుడు, నాయన నన్ను స్టీరింగు మీద కూసోబెట్టిండు. సగం ఎక్కినంక నా కాళ్లు బిగుసుకపోయినయి. ముందుకు పోలే, ఎనకకు రాలే. నిక్కరు తడుపుకున్న. ఎనక సీట్ల నువ్వున్నవ్. రెండు జడలేసుకోని. నాయన నన్ను దించి నిన్ను కూసోబెట్టిండు. నువ్వు ఎక్కిచ్చినవ్. నవ్వుకుంట ఎక్కిచ్చినవ్. ఆ ముచ్చట నాయన సచ్చేదాక చెప్పిండే. తీన్ కందిల్ చౌరస్తా కాడ చాయ్ తాగుకుంట చెప్పిండు. నా పెండ్లిల చెప్పిండు, నా మామకు. అందరు నవ్విండ్రు. నేను గూడ నవ్విన. నవ్వకుంటె ఇజ్జత్ పోతది గద.

"గ్యారేజి నాకిచ్చిండంటరు. గ్యారేజిల ఏమున్నది? గ్రీజు. తాళంచెవి నీ చేతిల పెట్టిండు. నా కండ్ల ముందట పెట్టిండు. ఆనాటి సంది నీ పక్కకు కూసోని, ఎడమకు కొట్టు, కుడికి కొట్టు. ఇగ ఆ బండి లేచినంక పేపర్ల నీ ఫొటో. నా భుజం పడ్డది ఫొటోల. భుజం! దుకాణానికి వచ్చెటోడు 'కావేరక్క వాళ్ల అన్న నువ్వేనా' అంటడు. నా దుకాణంల నిలవడి.

"నిన్న అందరు పండుగ ఓళిగలు తింటుంటె, దీపంల నూనె పోసొస్తనని చెప్పి షెడ్డుకు పోయిన. హాక్సా కొత్తది కొన్న. పూజల పెట్టింది ముట్టబుద్ధి కాలే. నవ్వకు. నిజంగనే ముట్టబుద్ధి కాలే. కోసిన. సబ్బు కూరిన. బొట్టు పెట్టిన. దండం గూడ బెట్టిన. ఏమని బెట్టిన్నో నాకు తెల్వది.

"నిన్ను సంపాలని గాదు అనుకున్న. బండి పోవాలె అనుకున్న. బండి పోతె సాలు. మరి బండిల నువ్వుంటవని తెల్వదా అంటవు. తెల్సు. తెల్సే కోసిన. పైన గూడ ఎందుకు కోసిన్నో చెప్పాల్నా? కింద ఒక్కటే కోస్తె రాడ్డు వంగి బండి ఆగిపోతది. ఆగిపోతె మళ్ల బాగు జేస్తరు. మళ్ల నన్ను పక్కకు కూసోబెడతరు."

"ఎడమ సీట్ల సూగురేశ్ కూసుంటుండె గద" అంది కావేరి. "నువ్వే కూసోబెట్టుమంటివి."

"అవు."

"వాడు సస్తుండె."

"వాని గురించి నేను ఆలోచించలే. నీ మీద ఒట్టు కావేరీ, ఒక్కపారి గూడ ఆలోచించలే. పొద్దున వాన్ని కొడుతుంటె గూడ ఆలోచించలే. చెయ్యి దానంతటదే లేచింది. అందరు నమ్మిండ్రు. నువ్వు గూడ నమ్మినవ్."

కావేరి హ్యాండ్‌బ్రేకు పైకి లాగింది. 

"పోలీసులకు చెప్తవో, అమ్మకు చెప్తవో, నీ ఇష్టం. నేను పారిపోను. రశ్మికి మాత్రం చెప్పకు. కాదు, చెప్పు. నువ్వు చెప్పకున్నా దానికి తెలుస్తది. నేను దొంగనే, ఒప్పుకుంటున్న. గని ఒక్కటి చెప్త ఇను, ఇదొక్కటి నిజం. పొద్దున దాని హెల్మెట్టు జూసినంక నా గుండె ఆగింది. అందుకే ఉరికొచ్చిన. నీ కోసం రాలేదే. అది ఎక్కకుంటె నేను రేపు ఇంట్లనే పండుకుంటుంటి. దుప్పటి కప్పుకోని, ఫోన్ ఎప్పుడొస్తదో అని జూసుకుంట పండుకుంటుంటి."